గోడ రాలుతోందా? పుట్టీ సంచి విప్పకముందు చూడాల్సినవి

ఫోన్ చేసినవాళ్ళంతా ఒకటే అడుగుతారు. "అన్నా, గోడ పాడైపోయింది, ఏ కంపెనీ పుట్టీ తెమ్మంటావు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: ఆ గోడకు అవతల ఏముంది? చాలామందికి జవాబు రాదు. ఏళ్ళుగా అదే గదిలో పడుకుంటున్నా, తలగడ వైపు గోడకు ఆనుకొని పక్కింటివాళ్ళ జాలాడి (గిన్నెలు, బట్టలు కడిగే చోటు) ఉందన్న సంగతి చుట్టూ తిరిగి పోయి చూస్తే గానీ తెలీదు. ఈ చూపుకు పైసా ఖర్చు లేదు. అయినా దీన్ని వదిలేసి నేరుగా అంగడికి పోయి పుట్టీ సంచి మోసుకొస్తారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఫోను.

పుట్టీ పెట్టడం, ఇసుకా సిమెంటూ కలపడం చేతనైనవాళ్ళ కోసం రాస్తున్నా. బ్లేడు ఎలా పట్టుకోవాలో ఇక్కడ ఉండదు. గోడ ఎందుకు రాలుతోందో కనిపెట్టడం, దాన్నిబట్టి ఏం చేయాలో తేల్చుకోవడం, ఇంతవరకే.

మొదట ఈ చూపు

గోడకు అవతలి పక్క బాత్రూం, జాలాడి, సంపు, ట్యాంకు పైపు, కూలరు, పూలకుండీల వరుస, వీటిలో ఏదైనా ఉందా చూడండి. తర్వాత బయటి నేల మట్టం చూడండి. మన రాయలసీమలో కర్నూలు, అనంతపురం, కడప పాతవీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి పోయినవాళ్ళు ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నారు. బయటి నేల లోపలి గచ్చు కంటే ఎత్తుగా ఉంటే గోడ అడుగుభాగం మట్టిలో పాతిపెట్టినట్టే. అలాంటి గోడకు లోపలి నుంచి ఏం పూసినా దండగ.

ఆ తర్వాత వేలి గెణుపుతో గోడంతా తట్టుకుంటూ రండి. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో దూరం నుంచి చూస్తే సగం కథ అర్థమవుతుంది. అడుగున వరుసగా పడితే ఒక కారణం, పైన మూలలో ముద్దగా పడితే ఇంకో కారణం, కిటికీ చుట్టూ పడితే వేరొకటి.

నెమ్ము (గోడలో తడి) ఉందో లేదో చూడాలంటే అడుగు పొడవు, అడుగు వెడల్పున్న పలచటి ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపు వేసి గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. ముక్క లోపలివైపు నీటిచుక్కలు పడితే నెమ్ము గోడలోంచే వస్తోంది. బయటివైపు పడితే అది గదిలోని తేమ. మంచి పరీక్షే, కానీ ఇది ఒక్కటే నమ్ముకుంటే మోసపోతారు. ఎందుకో ఉప్పు దగ్గర చెప్తాను.

ఉలి ఎత్తకముందు

నెమ్మెక్కిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఆ స్విచ్ కట్టేస్తే చాలదు, మెయిన్ ఆపండి. దాచిన వైర్లు సాధారణంగా బోర్డుకు నేరుగా పైకో, నేరుగా పక్కకో పోతాయి. ఆ దారిలో ఉలి గానీ డ్రిల్లు గానీ పెట్టొద్దు. అయితే పాత ఇళ్ళలో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు అడ్డదారిన లాగి ఉంటారు, కాబట్టి ఏ గోడనూ నమ్మొద్దు.

గార కొట్టేటప్పుడు, పుట్టీ రుద్దేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ముక్కుకు టవల్ చుట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు, ఎన్-95 మాస్కే పెట్టుకోవాలి. గదిలో ఫ్యాను వేయకండి, కిటికీ తెరవండి. పాత ఆయిల్ పెయింటు ఉన్న గోడైతే ఇంకో జాగ్రత్త. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన రంగులో సీసం ఎక్కువుండొచ్చు, పొడిగా రుద్దితే అది దుమ్మై పిల్లల నోళ్ళలోకి పోతుంది. నీళ్ళు చల్లుతూ గీకండి, రాలినదాన్ని పాత పేపర్లో చుట్టి అవతల పారేయండి, తుడిచిన గుడ్డను ఇంట్లో బట్టలతో ఉతకొద్దు.

సున్నం, సిమెంటు, పుట్టీ మూడూ చర్మాన్ని కాలుస్తాయి. కంట్లో పడితే నలపకుండా ధారగా మంచినీళ్ళతో పావుగంటకు పైగా కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. మన ఇళ్ళలో గచ్చు ఎక్కువగా కడప బండో, తాడిపత్రి బండో, బేతంచెర్ల బండో. నున్నటి బండ మీద పుట్టీ నీళ్ళు పడితే నిచ్చెన జారుతుంది. అడుగున గోనెసంచి పరిచి, ఒక మనిషిని పట్టుకోమనండి.

ఇంకొకటి. గోడ మీది తెల్ల మరకలను యాసిడ్‌తో కడగమని చెప్పేవాళ్ళుంటారు. యాసిడ్ గారను తినేస్తుంది, పైగా గోడలోకి కొత్త ఉప్పును ఎక్కిస్తుంది.

తట్టితే డొల్ల శబ్దం, అక్కడక్కడ ఉబ్బు

గార ఇటుకను వదిలేసింది. డొల్ల ఎంతవరకుందో అంతకు రెండు అంగుళాలు ఎక్కువగా చదరంగా కోయండి. అంచులు లోపలికి వంపుగా ఉంటే కొత్త గార పట్టుకుంటుంది. ఇటుకల సందులు సెంటీమీటరు లోతుకు గీరి, దుమ్ము దులిపి, తడిపి, పలచటి సిమెంటు పాలు కొట్టి, 1:5 మాలుతో (ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ళు ఇసుక) 12 మిల్లీమీటర్ల గార వేయండి. పల్లం ఎక్కువుంటే రెండు చేతులుగా, అంటే రెండు పొరలుగా. కొత్త గార పాతదానికంటే ఒక మిల్లీమీటరు లోపలికే ఆపండి. సమానంగా తేలిస్తే పుట్టీకి చోటుండదు, అతుకు గట్టులా కనిపిస్తుంది. అతుకు గీత మీద ఫైబర్ మెష్ టేపు వేయకపోతే మొదటి ఎండాకాలంలోనే అంచు వెంట పగులు వస్తుంది. ఏడు రోజులు తడపండి. ఈ తడపడం ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

రాయీ మట్టీ కలిపి కట్టిన పాత గోడకు మాత్రం సిమెంటు గార వద్దు. మట్టిగోడ ఎండకూ వానకూ కాస్త సాగుతుంది, ముడుచుకుంటుంది. సిమెంటు గట్టిగా బిగుసుకొని ఉంటుంది. రెండూ కలిసి బతకవు. సున్నం గారే వేయించండి. ఆ పని తెలిసిన పాత బేల్దారులు పల్లెల్లో ఇంకా ఉన్నారు, కాస్త వెతకాలి.

పుట్టీ పొరలుపొరలుగా ఊడి వస్తోంది

ఊడిన ముక్కను తిప్పి చూడండి. వెనకవైపు తెల్లగా, చేతికి అంటుకునేలా ఉంటే అది పాత సున్నం. ఉగాదికొకసారి సున్నం కొట్టిన ఇళ్ళలో దాని మీద డిస్టెంపరు, దాని మీద ఇంకో రంగు, దాని మీద పుట్టీ పెట్టేస్తారు. పుట్టీ గట్టిదే, అది పట్టుకున్న సున్నానికే గోడ మీద పట్టు లేదు.

ముందే తెలుసుకోవచ్చు. వెడల్పాటి ప్యాకింగు టేపు గోడకు గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగండి. టేపుకు తెల్లపొడి అంటుకుంటే గార కనపడేదాకా గీకాల్సిందే. కొంచెం నీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగితే సున్నం మెత్తబడి బ్లేడుకు తేలిగ్గా వస్తుంది. ఆయిల్ పెయింటు గోడైతే మెరుపు పోయేదాకా తడిగా రుద్దితే సరిపోతుంది. ప్రైమరు కొడితే సున్నం గట్టిపడుతుందని అంగడివాళ్ళు చెప్తారు. ఒక్క పొర సున్నమైతే పడొచ్చు. పొరలు లెక్కలేనన్ని ఉన్నచోట ప్రైమరు అడుగుదాకా దిగదు.

గోడంతా ఒకేలా పిండి రాలుతోంది

పైనుంచి కిందిదాకా చెయ్యి రాస్తే పిండి అంటుకుంటోందంటే ఇది నెమ్ము కాదు. పుట్టీలోని తెల్లసిమెంటుకు గట్టిపడేలోగా నీళ్ళు చాలలేదు. కర్నూల్లో మే నెల మధ్యాహ్నం, పడమటి ఎండ కాగిన గోడకు, తడపకుండా పుట్టీ పెడితే గోడ ఆ నీళ్ళన్నీ నిమిషాల్లో లాగేసుకుంటుంది. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఎండిపోయిందే తప్ప గట్టిపడలేదు. బిగుసుకుపోతున్న పుట్టీలో మళ్ళీ నీళ్ళు పోసి కలిపినా ఇదే గతి. వదులుగా ఉన్నదంతా రుద్దేసి, గోడను తడిపి, తెల్లవారుజామునో సాయంత్రమో మళ్ళీ పెట్టండి. గంటలో వాడగలిగినంతే కలపండి.

కింది రెండు మూడు అడుగులు మాత్రమే: బుడగలు, తెల్ల నూగు, పొడి

అందరికీ డబ్బు పోగొట్టే రోగం ఇదే. తేలిగ్గా దొరకదు కూడా.

అనంతపురంలో ఒక ఇల్లు. హాలు గోడకు అవతల బాత్రూం. పైపు కారుతోందని తెలిసి మార్పించారు. ఎండాకాలమంతా గోడను అలాగే వదిలేశారు. ప్లాస్టిక్ ముక్క అంటించి చూస్తే ఒక్క చుక్క లేదు. పుట్టీ, ప్రైమరు, మంచి ఎమల్షను, అన్నీ పద్ధతిగా చేయించుకున్నారు. నాలుగు వానలు పడి భాద్రపదం వచ్చేసరికి అడుగున రంగు బుడగలు లేచింది. గోరు తగిలిస్తే లోపల తెల్ల నూగు. "అన్నా, నీళ్ళే లేవంటిరి, మళ్ళా యాడినుంచి వచ్చినాయి?" అని ఆ ఇంటామె అడిగింది. ప్లంబరును పిలిచి బాత్రూం టైల్స్ పగలగొట్టించారు. పైపు కారడం లేదు. మళ్ళీ పుట్టీ. మళ్ళీ వానాకాలం. మళ్ళీ బుడగలు.

నీళ్ళు నిజంగానే ఆగిపోయాయి. అవి మోసుకొచ్చిన ఉప్పు మాత్రం గోడలోనే ఉండిపోయింది.

నెమ్ము గోడలోకి ఎక్కేది దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టే. ఎక్కిన నీళ్ళు గోడ ముఖం దగ్గరికి వచ్చి ఆవిరైపోతాయి, వాటిలో కరిగి వచ్చిన ఉప్పులు ఆవిరి కావు. అక్కడే, గారలో ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులో పేరుకుంటాయి. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోంచే నీళ్ళు లాక్కొని కరిగిపోతుంది, తేమ తగ్గగానే మళ్ళీ గడ్డకడుతుంది. వానాకాలంలో తెల్లవారుజామున తేమ పెరుగుతుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. రోజూ కరగడం, రోజూ గడ్డకట్టడం. గడ్డకట్టిన ప్రతిసారీ ఆ స్ఫటికాలు గార రంధ్రాలను లోపలినుంచి నెడతాయి. పుట్టీ ఎంతకని ఆగుతుంది? పైపు కారకపోయినా వానాకాలంలోనే గోడ పొంగడం ఇందుకే. ఎండాకాలంలో ప్లాస్టిక్ ముక్క పరీక్ష పొడిగా తేలడం కూడా ఇందుకే: అప్పుడు ఉప్పు గట్టిగా, పొడిగా, మౌనంగా ఉంటుంది.

"మా అనంతపురంలో వానే పడదు, మాకు నెమ్మేంది?" అని నాతో వాదించినవాళ్ళున్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే జిల్లా, నిజమే. అయితే గాలి ఎంత పొడిగా, వేడిగా ఉంటే గోడ ముఖం నుంచి నీళ్ళు అంత వేగంగా ఆవిరవుతాయి, అంత వేగంగా కొత్త నీళ్ళు వెనకనుంచి వస్తాయి, అంత ఉప్పు ముఖం దగ్గర చేరుతుంది. కోస్తాలో గోడ తడిగా, నల్లగా బూజు పట్టి కనిపిస్తుంది. మన దగ్గర అదే గోడ పొడిగా, తెల్లగా రాలుతుంది. పొడిగా కనిపిస్తోంది కాబట్టే ఎవరూ నీళ్ళను అనుమానించరు.

ఆ ఉప్పు ఎక్కడిది? ముందు బోరునీళ్ళు. మన వైపు లోతు బోర్ల నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో కాఫీ కాచుకునేవాళ్ళకు తెలుసు. తాగడానికి క్యాను కొనుక్కుంటాం, ఇటుకలు నానబెట్టడానికీ మాలు కలపడానికీ గోడ తడపడానికీ మాత్రం బోరే. కాంక్రీటు గురించి చెప్పే ఐఎస్ 456 ప్రమాణం ఉక్కు ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో లీటరుకు క్లోరైడు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. మీ బోరు ఈ లెక్కలో ఉందో లేదో నీళ్ళ పరీక్షలో తేలుతుంది, ఆ రిపోర్టు చూసిన ఇంటివాళ్ళు మాత్రం అరుదు. తాగలేని నీళ్ళు గోడకు పెట్టొద్దు అన్నదే నేను పాటించే లెక్క.

రెండోది పాత మట్టి మిద్దె. మిద్దె కారకుండా పైన చౌడు మన్ను (ఉప్పు నేల మట్టి) పోయడం మన వైపు అలవాటు. తడిసిన చౌడు మెత్తగా అల్లుకుపోయి నీళ్ళను ఆపుతుంది, పని చేస్తుంది. కానీ ఏ మూలలోనైనా కారితే ఆ నీళ్ళు చౌడులోని ఉప్పుతో సహా గోడలోకి దిగుతాయి. ఇలాంటి ఇళ్ళలో తెల్ల నూగు అడుగున కాకుండా పైన దూలాల కిందనే కనిపిస్తుంది. తర్వాత మిద్దె తీసేసి శ్లాబు వేసుకున్నా గోడలు పాతవే కదా, ఉప్పు అలాగే ఉంటుంది.

మూడోది ఎవరికీ తట్టదు. ఆ గది ఒకప్పుడు పశువుల కొట్టమా? గంజు (పశువుల మూత్రం), పేడ పడిన నేలకు ఆనుకున్న గోడలో నైట్రేటు ఉప్పులు పేరుకుంటాయి. యూరియా, డీఏపీ ఎరువుల బస్తాలు గోడకు ఆనించి పెట్టిన గదులూ అంతే. కొట్టాన్ని బాగుచేసి పిల్లల గదిగా మార్చిన ఇళ్ళలో రంగు నిలవకపోతే నేను ముందు ఈ ప్రశ్నే అడుగుతా. ఇంట్లో పెద్దాయన ఉంటే వెంటనే చెప్తాడు, ఆయన్ను అడగాలన్న ఆలోచనే రాదు ఎవరికీ. ఇక కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్ళలో నానిన గోడలు అవి. మురుగూ బురదా కలిసిన ఆ నీళ్ళు తెచ్చిన ఉప్పును గార తీయకుండా పైపైన పూసినవాళ్ళు ఇప్పటికీ పూస్తూనే ఉన్నారు.

ఉప్పో కాదో తేల్చుకోవడం సులువు. తెల్లపొడిని గ్లాసు మంచినీళ్ళలో వేసి కలపండి. కరిగిపోతే ఉప్పు. అడుగున తెల్లగా మిగిలితే సున్నమో పుట్టీయో. నాలుకతో చూసే పాత అలవాటు మానుకోండి, ఆ గోడకు ఏ రంగు పూశారో ఎవరికి తెలుసు.

చేయాల్సింది ఇది. నీళ్ళ దారి మూసేయడం మొదటి పని, అది చేయకుండా మిగతాది మొదలుపెట్టొద్దు. పైపు, జాలాడి వాలు, బయట మట్టి ఎత్తు, ఏదైతే అది. ఆ తర్వాత మరక ఎంత ఎత్తు వరకుందో దానికి పైన ఇంకో అడుగున్నర కలిపి గారంతా ఇటుకదాకా కొట్టేయండి. ఇక్కడ పిసినారితనం చేసి మరకవరకే కొట్టేవాళ్ళు మళ్ళీ నాకు ఫోను చేస్తారు. ఇటుక సందులు రెండు సెంటీమీటర్లు గీరండి. కొట్టిన గార అదే రోజు ఇంటి బయటికి, గోడకు దూరంగా పోవాలి. దాన్ని గచ్చు కింద నింపుడుకు వాడే బేల్దారి ఉంటే అక్కడే ఆపండి. ఆ ఉప్పు మళ్ళీ ఇదే గోడ ఎక్కుతుంది.

ఇటుకను పొడి బ్రష్షుతో మాత్రమే రుద్దండి. కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి లోపలికి పోయి దాక్కుంటుంది. అలా విప్పి వదిలేస్తే కొన్ని రోజుల్లో మళ్ళీ తెల్ల నూగు పూస్తుంది, అది మంచిదే, బయటికి వస్తోందన్నమాట. మళ్ళీ పొడిగా దులపండి. ఉప్పు ఎక్కువున్న గోడకు పాత న్యూస్‌పేపర్లను మంచినీళ్ళలో నానబెట్టి గుజ్జు చేసి వేలి మందాన అద్దండి. గుజ్జు ఆరే కొద్దీ ఉప్పును తనలోకి లాక్కుంటుంది. పూర్తిగా ఆరి పెళుసైనాక ఊడదీసి పారేయండి. పూత తగ్గేదాకా రెండు మూడుసార్లు చేయాలి. శివరాత్రి తర్వాత మొదలుపెడితే ఎండలు మీకు సాయం చేస్తాయి. గోడ బాగా నానినదైతే అంగుళం మందానికి నెల చొప్పున ఆరడానికి పడుతుందని పాత లెక్క. మన ఎండకు కొంచెం తగ్గొచ్చు, కానీ గృహప్రవేశం వారంలో ఉందని ఈ పని మొదలుపెట్టొద్దు.

కొత్త గారకు మంచినీళ్ళు, కడిగిన ఇసుక. చెరువు అడుగుదో, చౌడు నేలల పక్కనుంచి తోలిందో అయితే ఆ ఇసుకే ఉప్పు తెస్తుంది. పాత గోడలకు సున్నం గార మేలు. దానిలో రంధ్రాలు ఎక్కువ కాబట్టి మిగిలిన ఉప్పు గారలో చేరుతుంది, ఇటుక బతుకుతుంది. కొన్నేళ్ళకు ఆ గారే పోతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. అడుగు భాగంలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్), జిప్సం అసలు వద్దు, తేమ తగిలితే మెత్తబడిపోతాయి. ప్లాస్టిక్ పెయింటు బదులు సున్నమో, గాలి ఆడే రంగో వేయండి.

దీనికి జనం చేసే మందు వేరు: నాలుగు అడుగుల ఎత్తు టైల్సో కడప బండలో అంటించేస్తారు. ఏడాది బాగుంటుంది. తర్వాత బండకు పైన, ఐదో అడుగులో బుడగలు వస్తాయి. నీళ్ళకు బయటికి పోయే దారి మూసేస్తే అవి ఇంకాస్త పైకెక్కి దారి వెతుక్కుంటాయి. వాటర్‌ప్రూఫు కలిపిన సిమెంటు గార లోపలివైపు వేసినా ఇదే జరుగుతుంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. నీళ్ళు ఆపకుండా గోడ మూసే ప్రతి పనికీ ఈ గతే.

పగుళ్ళు

వెంట్రుకంత సన్నగా సాలెగూడులా ఉంటే గార త్వరగా ఎండిపోయింది, అంతే. పుట్టీ చాలు.

దూలం కింద అడ్డంగా, స్తంభం పక్కన నిలువుగా గీత గీసినట్టు పగులుంటే కాంక్రీటూ ఇటుకా కలిసిన చోట మెష్ వేయలేదన్నమాట. గీతకు అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు గార తీసి, చికెన్ మెష్ (సన్నటి ఇనుప వల) మేకులతో బిగించి, మళ్ళీ గార వేయండి. ఒట్టి పుట్టీతో పూడిస్తే మళ్ళీ అదే గీత.

కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు వేరే జాతి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. కర్నూలు, కడప రేగడి పల్లెల్లో పునాది లోతుగా పోని ఇళ్ళకు ఇది మామూలే. పగులు రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడండి. ఎండకు తెరుచుకొని వానకు మూసుకుంటోందంటే నేల కదులుతోంది. సాగే ఫిల్లరు పెట్టి రంగు వేసుకోవచ్చు, ఇంటి చుట్టూ నీళ్ళు నిలవకుండా వాలు చేసుకోవాలి. గీత దాటి పొడవు పెరుగుతూనే ఉంటే, లేదా వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటితే, తలుపులు బిగుసుకుంటుంటే పుట్టీ మాట మరిచిపోయి ఇంజినీరును పిలవండి.

రంగు వేశాక అలలు, గీతలు కనిపిస్తున్నాయి

పగటి వెలుగులో రుద్దితే ఏ గోడైనా నున్నగానే కనిపిస్తుంది. రాత్రి లైట్లు తీసేసి టార్చి గోడకు ఆనించి పక్కనుంచి వేయండి. గుంటలు, గట్లు అన్నీ నీడలతో బయటపడతాయి. పెన్సిలుతో చుట్టి, వాటికే పుట్టీ అద్దండి. మొదటి చేయి అడ్డంగా, రెండోది నిలువుగా. మందం రెండూ కలిపి మిల్లీమీటరున్నర దగ్గర ఆగాలి. లోతు గుంటలను పుట్టీతో నింపొద్దు, గారతో నింపండి. 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించండి. 80 నంబరుతో రుద్దిన గీతలు ఎమల్షను కింద దాగవు. చేత్తో కాగితం పట్టుకొని రుద్దితే వేళ్ళ ఒత్తిడికి అలలు పడతాయి, చదునైన చెక్కకు చుట్టి రుద్దండి. ప్రైమరుకు ముందు గోడను పొడిగుడ్డతో తుడవకపోతే ఆ దుమ్ము మీదే రంగు కూర్చుంటుంది, మరుసటేడు దాంతోపాటే లేస్తుంది.

అరుదుగా వచ్చేవి

నల్ల మచ్చలు, ముక్కవాసన ఉంటే బూజు. చాలాసార్లు బీరువా గోడకు ఆనించడమే కారణం, జానెడు దూరం జరపండి. శ్లాబు అంచున, లింటెలు దగ్గర గోధుమరంగు మరకతో గార ఊడితే లోపల కమ్మీ తుప్పు పట్టింది. అది ఇంజినీరు చూడాల్సిన పని, రంగుతో పోదు. గోడ మీద సన్నటి మట్టి గీతలు పైకి పోతుంటే చెదలు. గీత చెరిపేసి ఊరుకోకండి, చెదల మందు కొట్టేవాళ్ళను పిలిపించి, తలుపు చట్రాలు కూడా చూపించి, ఆ తర్వాతే గార ముట్టుకోండి.